పూలదండ వేయాలా, మొహం తిప్పుకోవాలా?

ఈ శీర్షికకు మామూలుగా వచ్చే ఉత్తరాలు నల్లా నీళ్ల గురించి, ఇంటి పన్ను గురించి, రేషన్ కార్డులో పడ్డ తప్పుల గురించి ఉంటాయి. ఈ పక్షం మాత్రం సగానికి పైగా ఒకే మనిషి గురించి. హైదరాబాద్‌లో ఒక ఎమ్మెల్యే. ఒక స్థలం వ్యవహారంలో వాటా అడుగుతున్నట్టున్న ఆడియో బయటికొచ్చింది, నాలుగు రోజులకు ఆయన రాజీనామా చేశారు. గొంతు తనది కాదంటున్నారు. విచారణ నడుస్తోంది కాబట్టి ఆయన పేరు, నియోజకవర్గం పేరు ఇక్కడ వేయడం లేదు. రాసినవాళ్ల పేర్లు కూడా తీసేశాను. అడగనివాళ్లవి కూడా. రేపు గల్లీలో ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సింది మీరే కదా.

కొత్తగా చదివేవాళ్లకు నా గురించి రెండు ముక్కలు. సర్కారు బడిలో సోషల్ టీచరుగా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఎలక్షన్ డ్యూటీ పడకుండా తప్పించుకోవడం ఎలాగో నాకెప్పుడూ తెలియలేదు. అందుకని పోలింగ్ బూత్‌లో కూర్చుని మనుషుల్ని చూసిన అనుభవం బాగానే ఉంది.

ప్రశ్న: టీచరమ్మా, మా ఆయనది సెంట్రింగ్ పని. మా పెద్దపిల్ల పెళ్లికి కల్యాణలక్ష్మి చెక్కు ఎమ్మెల్యే సారే ఫంక్షన్ హాల్లో నా చేతికిచ్చారు. ఆ ఫొటో మా ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టాం. మా అత్త పోయినప్పుడు కూడా సారు వచ్చి పది నిమిషాలు కూర్చున్నారు. ఇప్పుడు ఆయన కోసం ర్యాలీ అంట, గల్లీకి పది మంది ఆడవాళ్లు రావాలంటున్నారు. నేను ఆ ఆడియో విన్నాను. మనసొప్పడం లేదు. పోనంటే పక్కింటావిడ "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావు" అంటోంది. రెండో పిల్ల దరఖాస్తు కూడా పెట్టి ఉంది. ఏం చేయాలి?
– ఒక గృహిణి

జవాబు: చెల్లీ, ముందు ఆ చెక్కు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచి వచ్చిందో చూద్దాం. మీరు మీ-సేవలో దరఖాస్తు పెట్టారు. తహసీల్దారు ఆఫీసు నుంచి మనిషి వచ్చి పెళ్లి పత్రిక, ఆధార్ చూసి వెళ్లాడు. తహసీల్దారు రాసి పంపారు. జాబితా మీద ఎమ్మెల్యే సంతకం పడింది. ఆర్డీవో మంజూరు చేశారు. ట్రెజరీ నుంచి మీ పేరు మీద, అంటే పెళ్లికూతురి తల్లి పేరు మీద చెక్కు వచ్చింది. ఇన్ని చేతులు మారిన చెక్కులో ఫొటో దిగింది ఒక్క చెయ్యే.

నాకు ఈ పథకంలో ఒక చిత్రం కనిపిస్తుంది. 2014లో మొదలుపెట్టినప్పుడు 51,000 రూపాయలు. తర్వాత 75,116 చేశారు, ఆ తర్వాత 1,00,116. ఆ చివరి 116 చూశారా? అది ప్రభుత్వ లెక్కలా ఉండదు, పెళ్లిలో చదివింపుల లెక్కలా ఉంటుంది. అందుకే అది మన చేతిలో పడగానే ఎవరో మేనమామ పెట్టినట్టు అనిపిస్తుంది, కళ్లు చెమ్మగిల్లుతాయి. పెట్టింది మేనమామ కాదు, ఖజానా. మీరు కొనే సబ్బు మీద, మీ ఆయన బండిలో పోయించే పెట్రోలు మీద పన్ను కట్టించుకునే ఖజానాయే అది. పక్కింటావిడ ఈసారి వాసాల మాట ఎత్తితే, ఆ ఇల్లు మనదేనని చెప్పండి. అందులో తిన్నదెవరో విచారణలో తేలుతుంది.

అయితే ఫొటో తీసి చెత్తబుట్టలో వేయమని నేను చెప్పను. మీ అత్తగారు పోయిన రోజు ఆయన వచ్చి కూర్చున్నారు. అది ఏ పథకంలోనూ లేదు, ఆయన రాకపోయినా అడిగేవాళ్లు లేరు. ఆ రుణం తీర్చుకోవాలనిపిస్తే ఒకరోజు పొద్దున ఆయన ఇంటికి వెళ్లి, "బాగున్నారా సార్" అని పలకరించి రండి. ర్యాలీ అట్లాంటిది కాదు. ర్యాలీలో మిమ్మల్ని పలకరించరు, లెక్కపెడతారు. రేపు టీవీలో "నియోజకవర్గం మహిళలంతా మా వెంటే" అన్నప్పుడు ఆ లెక్కలో మీ తల కూడా ఉంటుంది. ఆ ఆడియో విన్న తల.

పిలవడానికి వచ్చేవాళ్లతో వాదన పెట్టుకోవద్దు. అబద్ధమాడకూడదని 31 ఏళ్లు పిల్లలకు చెప్పినదాన్నే, అయినా ఈ ఒక్కసారికి మోకాళ్ల నొప్పులని చెప్పండి. మన వయసుకు అది సగం నిజమే అయి ఉంటుంది.

రెండో పిల్ల దరఖాస్తుకు, ఈ ర్యాలీకి ముడి పెట్టుకోకండి. దరఖాస్తు నంబరు పట్టుకుని నేరుగా తహసీల్దారు ఆఫీసుకు వెళ్లండి. ఒక్కటి గుర్తుంచుకోండి. ఉప ఎన్నిక షెడ్యూలు వస్తే ఎన్నికల నియమావళి అమల్లోకొస్తుంది, చెక్కులు పంచే సభలు ఆగిపోతాయి. మనలాంటి మహానగరంలో అయితే ఆ నియమావళి ఆ ఒక్క నియోజకవర్గం వరకే. కాబట్టి పక్క నియోజకవర్గంలో మీ చెల్లెలికి చెక్కు వచ్చి మీకు రాకపోతే, ఎవరో కక్షగట్టారని కంగారు పడొద్దు.

ప్రశ్న: అమ్మా, రాజీనామా చేసిండు అని టీవీలో చెప్తున్నరు. ఆయన మనుషులేమో ఇంకా "ఎమ్మెల్యే సాబ్" అనే పిలుస్తున్నరు, కారు మీద స్టిక్కర్ అట్లనే ఉంది. మా అడ్డాలో రోజూ ఇదే లొల్లి. అసలు చేసినట్టా, చేయనట్టా?
– ఆటో డ్రైవర్

జవాబు: తమ్ముడూ, స్టిక్కర్‌కు రాజ్యాంగం తెలియదు, అదెప్పుడూ అందరికంటే ఆఖర్న దిగుతుంది. రాజీనామా లేఖ ముఖ్యమంత్రికిచ్చినా, పార్టీ అధ్యక్షుడికిచ్చినా, ప్రెస్‌మీట్‌లో కెమెరా ముందు చదివినా లెక్కలోకి రాదు. స్పీకర్‌కు స్వయంగా సంతకం చేసి ఇవ్వాలి, స్పీకర్ ఆమోదించాలి. రాజ్యాంగం 190వ అధికరణంలో ఉంది. ఒత్తిడి పెట్టి రాయించారనో, మనస్ఫూర్తిగా రాసింది కాదనో అనిపిస్తే స్పీకర్ తిరస్కరించవచ్చని 1974లో సవరణ కూడా చేశారు. మీ అడ్డాలో అడగాల్సింది ఒక్కటే: "స్పీకర్ ఆమోదించారా?" ఆమోదిస్తే సీటు ఖాళీ. ఖాళీ అయిన రోజు నుంచి ఆరు నెలల్లోపు ఉప ఎన్నిక పెట్టాలి. సభ గడువు ఏడాదికంటే తక్కువ మిగిలి ఉంటే అక్కర్లేదు.

మీ ప్రశ్నలో నాకు నచ్చింది ఆ అనుమానం. మనకు అది ఊరికే రాలేదు. మిగతా చోట్ల రాజీనామా అంటే తప్పు ఒప్పుకుని తలదించుకోవడం. తెలంగాణలో రాజీనామా అంటే తల ఎత్తుకోవడం. ఉద్యమం రోజుల్లో అది ఆయుధం. రాజీనామా చేయనివాడి ఇంటి ముందు ధర్నాలు చేశాం, చేసినవాడిని భుజాల మీద ఊరేగించాం. 2008లో టీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు రాజీనామా చేస్తే 16 స్థానాలకు ఉప ఎన్నికలు వచ్చాయి, ఆ పార్టీకి దక్కినవి 7. అదే 2010 జూలైలో 12 స్థానాలకు జరిగితే 11 టీఆర్‌ఎస్‌కు, ఒకటి బీజేపీకి. 2011 జూలైలో తెలంగాణ ఎమ్మెల్యేలు వంద మంది దాకా మూకుమ్మడిగా లేఖలిస్తే అప్పటి స్పీకర్ నాదెండ్ల మనోహర్ ఆ నెలలోనే అన్నీ తిరస్కరించారు. అప్పుడు కూడా "చేసినట్టా, చేయనట్టా" అని మా స్టాఫ్‌రూమ్‌లో ఇదే లొల్లి.

అందుకే మీ దగ్గర ఆ మనిషి రాజీనామా చేయగానే పటాకులు కాల్చినవాళ్లున్నారంటే నాకు ఆశ్చర్యం వేయలేదు. చేతులు అలవాటుగా దండ వైపు వెళ్తాయి. ఉద్యమంలో సీటు వదులుకున్నవాళ్లు మనం అడిగితే వదులుకున్నారు. ఈయన్ని ఎవరూ అడగలేదు, ఆడియో అడిగింది. రెండింటికీ ఒకే దండ ఎట్లా సరిపోతుంది? 2008లో, ఉద్యమం కోసమే చేసినా సగం మందికి పైగా ఓడిపోయిన సంగతి కూడా మీ అడ్డాలో గుర్తు చేయండి.

ప్రశ్న: లాల్ బహదూర్ శాస్త్రి గారు రైలు ప్రమాదం జరిగితే పదవి వదిలేశారు. ఆ విలువలు ఏవి? ఈ రోజుల్లో దొరికిపోతే తప్ప రాజీనామా చేసేవాడు లేడు. అది కూడా "వ్యక్తిగత కారణాలు" అంటారు.
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

జవాబు: అన్నగారూ, మీరు చెప్పిన కథలో మన జిల్లా ఉంది, చాలామంది మరిచిపోయారు. 1956 సెప్టెంబరు మొదట్లో మహబూబ్‌నగర్ దగ్గర వానకు వంతెన దెబ్బతిని రైలు పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. శాస్త్రి గారు రాజీనామా ఇచ్చింది మొదట అప్పుడే. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో మద్రాసు రాష్ట్రం అరియలూరు దగ్గర ఇంకో ఘోరం జరిగాక మళ్లీ ఇచ్చారు, ఈసారి ఆమోదించారు.

కానీ ఆయన్ని ఇక్కడికి లాక్కురావడం న్యాయం కాదు. శాస్త్రి గారు వాటా అడిగారని ఎవరూ అనలేదు. వంతెన కొట్టుకుపోతే నైతిక బాధ్యత అన్నారు. మీ ఎమ్మెల్యే పక్కన నిలబెట్టి చూడాల్సింది టి.టి. కృష్ణమాచారిని. ఎల్‌ఐసీ డబ్బు కోటి రూపాయలకు పైగా ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలో పెట్టించిన వ్యవహారంలో 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి పదవి వదిలారు. పార్లమెంటులో బయటపెట్టింది ఫిరోజ్ గాంధీ, అంటే ప్రధాని అల్లుడు, సొంత పార్టీ మనిషే. విచారణ జరిపింది జస్టిస్ చాగ్లా. ఇంతా జరిగాక ఏమైంది? 1962లో కృష్ణమాచారి మళ్లీ లోక్‌సభకు వచ్చారు, 1963లో మళ్లీ ఆర్థిక మంత్రి అయ్యారు. ఆ రోజులు బంగారమని నేను పిల్లలకు పాఠం చెప్పిన మాట నిజమే గానీ, పుస్తకంలో ఈ రెండో సగం ఉండేది కాదు.

మన దగ్గరిదే కావాలంటే 1992 అక్టోబరు. ప్రైవేటు వైద్య కళాశాలలకు ఇచ్చిన అనుమతుల మీద హైకోర్టు తప్పుపడితే ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి రాజీనామా చేశారు. ఆ రోజుల్లో మా స్కూల్లో లెక్కల సారు కొడుకు సీటు కోసం వనస్థలిపురంలో ప్లాటు అమ్మకానికి పెట్టి కూర్చున్నారు. రాజీనామా వార్త విని ఆయన అడిగింది నైతిక విలువల గురించి కాదు, "ఇప్పుడు ప్లాటు అమ్మాలా వద్దా?" అని. ఓటరు ముందుగా అడిగేది ఎప్పుడూ ఈ ప్రశ్నే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. జనార్దనరెడ్డి తర్వాత ముఖ్యమంత్రి అయిన కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు మీదే యూసుఫ్‌గూడలో స్టేడియం ఉంది. 2025లో జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక ఓట్లు అక్కడే లెక్కపెట్టారు. జనార్దనరెడ్డి కూడా ఊరుకోలేదు, 2004లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు.

ఇక "వ్యక్తిగత కారణాలు" అంటారా? 2009 డిసెంబరులో ఒక టీవీ ఛానల్ ప్రసారం చేసిన దృశ్యాల మీద గొడవ రేగి గవర్నర్ ఎన్.డి. తివారీ రాజ్‌భవన్ ఖాళీ చేసినప్పుడు చెప్పింది ఆరోగ్య కారణాలు. మన నాయకుల ఆరోగ్యానికి టీవీ పడదు.

ప్రశ్న: మేడమ్, మేం ఓటేసి గెలిపించిన మనిషిని మేమే వెనక్కి పిలిచే హక్కు మనకు ఎందుకు లేదు? ఆయన రేపు మళ్లీ పోటీ చేయొచ్చా?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఎమ్మెల్యేను, ఎంపీని మధ్యలో దించే హక్కు మన దేశంలో ఓటరుకు లేదమ్మా. ఉండాలని చాలా ఏళ్లుగా వాదన ఉంది. నాకు మాత్రం భయం. ఓడినవాడు మర్నాటి నుంచే సంతకాల సేకరణ మొదలుపెడతాడు, ఇక అయిదేళ్లూ ఎన్నికలే.

పోటీకి అడ్డేమీ లేదు. ఆరోపణ ఉన్నంత మాత్రాన, కేసు ఉన్నంత మాత్రాన ఎవరూ అనర్హులు కారు. కోర్టు దోషి అని తేల్చి రెండేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష వేస్తే అనర్హత వస్తుంది. ఇంతకుముందు అప్పీలు వేసుకుని సీటులోనే కూర్చునే వీలుండేది, 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. ఈయన విషయంలో ఇంకా అభియోగమే తేలలేదు. ఇవాళ వదిలిన సీటుకు రేపు నామినేషన్ వేయొచ్చు. అప్పుడు అఫిడవిట్‌లో తన మీదున్న కేసులు, ఆస్తులు రాయాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. కిందటిసారి ఇచ్చిన అఫిడవిట్ కూడా తీసి రెండూ పక్కపక్కన పెట్టుకో. ఆస్తుల పేజీ దగ్గర కాసేపు ఆగు.

జనం మళ్లీ గెలిపిస్తారా అంటే, గెలిపించిన సందర్భాలున్నాయి, ఓడించినవీ ఉన్నాయి. 2021లో భూముల ఆరోపణల మీద ఈటల రాజేందర్‌ను మంత్రివర్గం నుంచి తీసేశారు. ఆయన ఆరోపణలు కాదన్నారు, జూన్‌లో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి పార్టీ మారి, అక్టోబరులో జరిగిన ఉప ఎన్నికలో హుజూరాబాద్‌లో 23 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. రెండేళ్లకు 2023లో అదే హుజూరాబాద్ ఓడించింది. 2024లో మన మల్కాజిగిరి ఎంపీగా గెలిపించింది. ఈ మూడు తీర్పుల్లో దేనికి భూముల మాట కారణం, దేనికి కాదు అని ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకు. బూత్‌లో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, వేలికి సిరా పెట్టించుకునే మనిషి మొహంలో ఏమీ కనిపించదు.

ప్రశ్న: మా గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో రెండు వారాలుగా ఆ ఆడియో మీద జోకులే. నేను 9 ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, ఓటు మా ఊళ్లోనే ఉంది. ఈ రాజకీయాలతో మాకేం సంబంధం?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: సంబంధం లేకపోతే రెండు వారాల జోకులెందుకు బాబూ? మునుగోడు ఉప ఎన్నికలో 2022లో 90 శాతం దాటి ఓట్లు పడ్డాయి. జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో సగం మంది కూడా రాలేదు. బస్తీ బూత్‌లో పొద్దున ఏడింటికే లైను ఉంటుంది. అపార్ట్‌మెంట్ల బూత్‌లో మధ్యాహ్నం మేం కునుకు తీసిన రోజులున్నాయి, పై అధికారులు ఇది చదవరనుకుంటాను.

ఫారం 8 నింపి ఓటు ఇక్కడికి మార్చుకోండి. మీ అమ్మాయికి 18 నిండితే ఫారం 6. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు లెక్కలోకి తీసుకుంటున్నారు: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. నామినేషన్ల గడువు దగ్గర పడ్డాక పెడితే ఈ ఉప ఎన్నికకు అందదు. జోకు ఫార్వర్డ్ చేసినంత సేపు కూడా పట్టదు.

ప్రశ్న: టీచర్ గారూ, పదకొండేళ్లు ఆయన జెండా మోశాను. బస్తీలో ఎవరికి ఏ పని కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆడియో వచ్చిన మొదటి రోజు అది నకిలీ అని అందరితో పోట్లాడాను. ఇప్పుడు ఆయన ఆఫీసుకు తాళం, ఫోన్ స్విచ్చాఫ్. పుట్టినరోజు ఫ్లెక్సీల బాకీ 18 వేలు షాపువాడు నన్ను అడుగుతున్నాడు. చాయ్ హోటల్‌కు వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. మొహం ఎలా చూపించాలి?
– ఒక కార్యకర్త

జవాబు: ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందరికంటే ఎక్కువ నష్టపోయింది మీరే, ఆ మాట ఎవరూ మీకు చెప్పి ఉండరు. ఆయనకు లాయర్లున్నారు. ఓటరుకు ఇంకో ఓటుంది. మీకు ఉన్నది మాటే, అది ఆయన తరఫున ఖర్చు పెట్టేశారు.

నకిలీ అని పోట్లాడినందుకు ఇప్పుడే క్షమాపణలు చెప్పుకుంటూ తిరగకండి, అది నకిలీయో కాదో ఇంకా తేలలేదు. "నిజం తెలియకుండా గట్టిగా మాట్లాడాను" అని మీరు పోట్లాడినవాళ్లతో అంటే చాలు. చాయ్ హోటల్ మానొద్దు. మీరు మానేస్తే మీకూ వాటా ఉందనుకుంటారు. రోజూ వెళ్లే టైముకే వెళ్లి, అదే బెంచీ మీద కూర్చోండి. నాలుగు రోజులు మాటలు ఆగుతాయి, అయిదో రోజు ఎవడో ఒకడు ఉస్మానియా బిస్కెట్ మీ వైపు జరుపుతాడు. హైదరాబాద్ హోటళ్లలో ఇంతకంటే పెద్ద క్షమాపణ నేను చూడలేదు.

ఫ్లెక్సీ బాకీ గురించి. ఆర్డరు మీ నోటితో ఇచ్చి ఉంటే షాపువాడు మిమ్మల్ని అడగడం తప్పు కాదు, అతనికి బొమ్మలో ఉన్న మనిషి తెలియదు, మీరే తెలుసు. ఆయన ఆఫీసు చూసుకునే మనిషికి బిల్లు ఫొటో తీసి పంపండి, తేదీ వేసి. షాపువాడికి నెలకింత అని ఒప్పుకోండి. కొత్తగా ఇంకో నాయకుడి ఫ్లెక్సీ మాత్రం ఆ షాపులో అప్పు పెట్టకండి. మిమ్మల్ని పిలుస్తారు, చూస్తూ ఉండండి, ఉప ఎన్నిక అనగానే మూడు పార్టీలూ పిలుస్తాయి.

అన్నిటికంటే ముందు ఒక పని ఉంది. మీ ఇంట్లో బస్తీవాళ్ల కాగితాలు ఉండే ఉంటాయి. ఎమ్మెల్యే లెటర్ కోసం ఇచ్చిన ఆసుపత్రి బిల్లులు, సీఎం సహాయ నిధి దరఖాస్తులు, కల్యాణలక్ష్మి జిరాక్సులు. కొందరు ఒరిజినళ్లే ఇచ్చి ఉంటారు. తాళం వేసిన ఆఫీసులో ఏమైనా ఉంటే వాచ్‌మన్‌ను పట్టుకుని అవి కూడా తెప్పించండి. ఒక నోటుబుక్కులో పేరు, దరఖాస్తు నంబరు, ఎక్కడ ఆగిందో రాసుకుని, ఎవరివి వాళ్లకు ఇంటింటికీ వెళ్లి ఇచ్చేయండి. ఆసుపత్రి బిల్లులున్న ఇళ్లకు ముందు వెళ్లండి.